వెయ్యి కుట్ల సంచి

మా చెల్లెలి దగ్గర ఒక తోలు చేతిసంచి ఉన్నది. చూసినవాళ్లందరూ, “ఎక్కడ కొన్నావు? ఎంతయింది?” అని అడుగుతారు. నిజానికి అది కొన్నది కాదు. తెనాలిలో మా ఇంట్లోనే నేనూ, మా అమ్మాయీ కలిసి కుట్టినది. కాని మేమిద్దరమే కుట్టామంటే అబద్ధమవుతుంది. మూడో మనిషి చెయ్యి కూడా అందులో ఉన్నది. పిల్లలూ, ఆ సంగతే మీకు చెప్పబోతున్నాను.

2022లో మా చెల్లెలికి పెళ్లి కుదిరింది. అప్పుడు మా అమ్మాయి ఏడవ తరగతి. ఒకనాడు మా చెల్లెలు ఫోనులో ఒక హ్యాండ్‌బ్యాగు బొమ్మ చూసి, “ఎంత బాగుందో!” అన్నది. దాని ధర చూసి ముగ్గురమూ నోళ్లు తెరిచాము. అన్ని లక్షలు పెట్టి సంచి కొనేవాళ్లు కూడా ఉంటారా అనిపించింది.

ఆ రాత్రి మా అమ్మాయి నా పక్కన చేరి, “అమ్మా, పిన్నికి అలాంటి సంచి మనమే కుట్టి ఇద్దాం” అన్నది. నాకు జాకెట్లు కుట్టడం వచ్చు. ఆ ధైర్యంతో సరేనన్నాను. తోలుకూ గుడ్డకూ ఎంత తేడా ఉన్నదో అప్పటికి నాకు తెలియదు.

ముందు ఆ సంచి సంగతేమిటో తెలుసుకున్నాము. దాన్ని తయారుచేసేది ఫ్రాన్సు దేశంలో ఎర్మేస్ అనే కంపెనీ. 1837లో పారిస్ నగరంలో థియెరీ ఎర్మేస్ అనే ఆయన దాన్ని ప్రారంభించాడు. అప్పుడాయన చేసింది చేతిసంచులు కాదు, గుర్రాలకు కట్టే తోలు పట్టెడలూ, కళ్లాలూను. ఆ తరవాత జీనులు వచ్చాయి, ఆ తరవాత సంచులు వచ్చాయి. మా చెల్లెలు చూసిన సంచి 1930ల నాటిది. గ్రేస్ కెల్లీ అనే అమెరికా సినిమా నటి 1956లో మొనాకో రాజును పెళ్లాడింది. ఆ యేడే ఆమె తాను కడుపుతో ఉన్న సంగతి ఫోటోలలో కనబడకుండా ఈ సంచిని అడ్డం పెట్టుకున్నదట. ఆ ఫోటోతో సంచికి ఎక్కడలేని పేరు వచ్చింది. 1977లో కంపెనీవారు దానికి “కెల్లీ” అనే పేరే ఖాయం చేశారు.

ఆ ఖరీదు చాలావరకు పేరుకే. అయితే ఆ సంచిలో నిజంగా నేర్చుకోదగిన విషయం ఒకటి ఉన్నది. అది దాని కుట్టు.

మిషను కుట్టు ఎలా పడుతుందో మీ ఇంట్లో చూసే ఉంటారు. పైన ఒక దారం, కింద ఒక దారం ఉంటాయి. రెండూ మధ్యలో ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. ఒకచోట తెగిందంటే ఆ పక్క కుట్టు వదులవుతుంది, దాని పక్కది ఊడుతుంది. చొక్కా జేబు అలా చివరిదాకా ఊడిపోవడం మీకు తెలిసినదే. జీను కుట్టేవాళ్లకు ఇది పనికిరాదు. గుర్రం పరుగెత్తుతూ ఉండగా జీను పట్టీ ఊడితే రౌతు ప్రాణానికే ముప్పు. అందుకని వాళ్లు ఒకే దారానికి రెండు కొసలలోనూ రెండు సూదులు ఎక్కిస్తారు. ప్రతి రంధ్రంలోనూ ఒక సూది కుడినించి ఎడమకూ, రెండోది ఎడమనించి కుడికీ వెళుతుంది. ఒకచోట ఒక పోగు తెగినా, రెండవ పోగు తోలును పట్టుకునే ఉంటుంది. ఇప్పటికీ ఆ సంచులను చేత్తో ఈ జీనుకుట్టే కుడతారు. ఒక పనివాడు ఒక సంచిని మొదటినించి చివరిదాకా చేస్తాడు.

కావాలంటే మీరూ పరీక్ష చేయవచ్చు. రెండు అట్టముక్కలు ఒకదానిమీద ఒకటి పెట్టి, పెద్దవాళ్ల సహాయంతో వరసగా పది రంధ్రాలు చేయండి. ఒక దారానికి రెండు సూదులు ఎక్కించి నేను చెప్పినట్టు కుట్టండి. తరవాత నడుమ ఒక కుట్టును ఒక వైపు మాత్రం కత్తిరించి, అట్టలను మెల్లగా లాగి చూడండి. రెండోవైపు పోగు వాటిని విడిపోనివ్వదు.

తరవాత తోలు కావలసివచ్చింది. నేను మదరాసు వెళ్లినప్పుడు, సెంట్రల్ స్టేషనుకు దగ్గరలో ఉన్న పెరియమేడుకు పోయాను. అక్కడ తోలు దుకాణాలు వరసగా ఉంటాయి. తోలును చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. చెట్టు బెరడుతో ఊనిన ఆవుతోలు, రెండు మిల్లీమీటర్ల మందంది, ఎనిమిది చదరపు అడుగులు కొన్నాను. ఇంటికి తెచ్చి విప్పేసరికి గది అంతా చెక్కవాసన.

“ఊనడమంటే ఏమిటి?” అని అడిగింది మా అమ్మాయి.

కరక్కాయ ముక్క గాని, పచ్చి అరటికాయ గాని నాలుక మీద పెట్టుకుంటే ఏమవుతుంది? నోరంతా పట్టేసినట్టు వగరుగా ఉంటుంది. ఆ వగరును కలిగించే పదార్థాలను టానిన్లు అంటారు. అవి మన లాలాజలంలో ఉండే ప్రోటీనులను పట్టుకుంటాయి గనకనే నోరు అలా అవుతుంది. పచ్చిచర్మంలో కొల్లాజెన్ అనే ప్రోటీను సన్నని పోగులుగా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే సూక్ష్మజీవులు చేరి కుళ్లిపోతుంది. తంగేడు బెరడు, తుమ్మబెరడు, కరక్కాయ వంటివాటిని నీళ్లలో వేసి, ఆ కషాయంలో చర్మాన్ని వారాల తరబడి నానబెడితే, టానిన్లు ఆ పోగులను గట్టిగా అంటిపెట్టుకుంటాయి. ఇక అది కుళ్లదు. చర్మం తోలవుతుంది. బతుకమ్మలో పేర్చే తంగేడుపువ్వు మీకు తెలుసు. ఆ చెట్టు బెరడే మన దేశంలో ఎన్నో తరాలుగా తోలును ఊనుతున్నది. క్రోమియం లవణాలతో త్వరగా ఊనే పద్ధతి కూడా ఉన్నది. ఈనాడు ప్రపంచంలో ఎక్కువ తోలు అలాగే తయారవుతున్నది.

ఈ శాస్త్రంలో పేరుపొందిన మనిషి ఒకరు మా తెనాలి దగ్గరలో యలవర్రు అనే పల్లెటూళ్లో 1922లో పుట్టారు. ఆయనే యలవర్తి నాయుడమ్మగారు. మదరాసులో 1948లో స్థాపించిన కేంద్ర తోలు పరిశోధనాలయానికి ఆయన చాలాకాలం డైరెక్టరుగా ఉన్నారు. పరిశోధనశాలలో తెలుసుకున్నది పల్లెల్లో తోలు ఊనేవారికి అందకపోతే ఆ పరిశోధన వల్ల ప్రయోజనమేమిటన్నది ఆయన పట్టుదల. 1985లో ఆకాశంలో పేలిపోయిన కనిష్క విమానంలో ఆయన కూడా మరణించారు. ఈ సంగతి చెబితే మా అమ్మాయి, “మన పక్క ఊరాయనా!” అని ఆశ్చర్యపోయింది.

ఇక పని మొదలుపెట్టాము. ముందు అట్టతో నమూనా కోశాము. అడుగున 28 సెంటీమీటర్ల వెడల్పు, 22 ఎత్తు, 10 లోతు. పైకి పోయినకొద్దీ కొంచెం సన్నబడుతుంది. ముందుముక్క, వెనక ముక్క, దానితోపాటే ముందుకు వంగే మూత, రెండు పక్కముక్కలు, అడుగుముక్క, చేతిపిడి, రెండు సన్న పట్టీలు. తోలు కోసే పని నాది. పదునైన కత్తి పిల్లల చేతికి ఇవ్వకూడదు. అంచుకు 4 మిల్లీమీటర్ల లోపలగా గీత గీసి, ఆ గీతమీద 4 మిల్లీమీటర్లకొక చుక్క పెట్టడం మా అమ్మాయి పని. మొత్తం కుట్టవలసినది నాలుగు మీటర్లు. ఆ లెక్కన ఎన్ని కుట్లు? వెయ్యి! లెక్క కట్టగానే ఇద్దరికీ గుండె జారింది.

మొదటి పది కుట్లకే రెండు సూదులు విరిగాయి. నా వేలు పొడుచుకున్నది. కుట్లు ఒకటి పైకీ ఒకటి కిందికీ, వంకరపోయిన పలువరసలా ఉన్నాయి. “మన వీధి చివర చెప్పులు కుట్టే తాతను అడుగుదాం” అన్నది మా అమ్మాయి.

ఆ తాత వేపచెట్టు కింద కూర్చుని చెప్పులు బాగుచేస్తారు. పన్నెండేళ్లుగా మా ఇంటిల్లిపాదికీ చెప్పులు తెగితే ఆయన దగ్గరికే పోతాము. నేను ముక్కలను ఆయన ముందు పెట్టి, “ఇది ఎలా కుట్టాలో నువ్వు కాస్త చూపిస్తావా?” అన్నాను. ఆయన కుట్టును వేలితో తడిమి చూసి, చిన్నగా నవ్వారు. తన ఆరె తీసి, “సూదితో తోలును పొడవకూడదమ్మా. ముందు ఆరెతో దారి చేయాలి. సూది ఆ దారిన పోతుంది. ఆరెను ఎప్పుడూ ఒకే వాలులో పట్టుకో” అని చూపించారు. దారాన్ని తేనెమైనం ముద్దమీద నాలుగుసార్లు లాగి, “ఇప్పుడిది జారదు, తడికి చివకదు” అన్నారు. రెండు ముక్కలు కలిసేచోట మందం ఎక్కువ కాకుండా రంపెతో అంచులను కాగితంలా పలచగా చెక్కి ఇచ్చారు. డబ్బు ఇవ్వబోతే, “చూపించినందుకు కూడానా?” అని పుచ్చుకోలేదు.

వచ్చేటప్పుడు దారిలో మా అమ్మాయి హఠాత్తుగా, “అమ్మా, తాత నీకంటే పెద్ద గదా! నువ్వు అంటావేం? మా హెడ్మాస్టరుగారిని మీరు అంటావు గదా?” అని అడిగింది.

నాకు జవాబు తోచలేదు. పన్నెండేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ సంగతి ఆలోచించలేదు. మరునాటినించి “మీరు” అనడం మొదలుపెట్టాను. మొదటి రోజు తాత తల ఎత్తి నాకేసి ఒకసారి చూశారు. ఏమీ అనలేదు.

రోజూ సాయంకాలం గంట చొప్పున కుట్టాము. కుట్టవలసిన పొడవుకు నాలుగు రెట్లు దారం తీసుకోవాలి. నేను ఆరెతో రంధ్రం చేస్తే మా అమ్మాయి రెండు సూదులూ పోనిచ్చేది. మూడువందలు దాటేసరికి చేతులకు పని తెలిసింది, కుట్లు వరసలో పడ్డాయి. మూడు వారాలకు సంచికి రూపం వచ్చింది. అంచులను తడిపి, నున్నటి కొయ్యముక్కతో రుద్దితే అద్దంలా మెరిశాయి. ఫ్రెంచివారి తాళానికి బదులు ఒక ఇత్తడి గుండీ పెట్టాము.

అన్నిటికన్న చివర చేతిపిడి కుట్టి, బలం చూద్దామని సంచిలో మూడు కిలోల బియ్యం పోసి రాత్రి మేకుకు తగిలించాము. తెల్లవారి చూస్తే పిడి రెండు వేళ్ల పొడవు సాగి, ముడతలుపడి, ముసలి ఏనుగు తొండంలా వేలాడుతున్నది! పెళ్లికి పది రోజులే ఉన్నది. పిడికి సరిపడే తోలు ముక్క ఇంకొకటి మిగలలేదు. మా అమ్మాయి ఏడుపు మొహంతో సంచి పట్టుకుని వేపచెట్టు దగ్గరికి పరుగెత్తింది. వెనకనే నేనూ వెళ్లాను.

తాత పిడిని రెండు చేతులా లాగి చూశారు. “ఇది పొట్ట తోలమ్మా. గొడ్డు మేత మేస్తే పొట్ట ఉబ్బాలి గదా? అందుకని అక్కడ తోలు సాగుతుంది. బరువు మోసేదానికి వెన్నుతోలు కావాలి” అన్నారు. ఈ ఒక్క మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ నా కంటపడలేదు. ఆయన తన పెట్టె అడుగునించి, గుడ్డలో చుట్టిన బర్రెతోలు పట్టీ ఒకటి తీశారు. మంచి వెన్నుతోలు. ఎప్పటినించో దాచుకున్నట్టుంది. “ఇది పిడికి సరిపోతుంది. కాని ఇక్కడ దుమ్ములో కాదు, బల్లమీద పెట్టి కుట్టాలి. ఆదివారం మీ ఇంటికి వస్తాను” అన్నారు.

ఆదివారం తాత ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చారు. మెట్ల కింద చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డారు.

“లోపలికి రండి, తాతా!” అన్నది మా అమ్మాయి.

“ఇక్కడే బాగుంది, పాపా. సంచి ఇటు తీసుకురా.”

“బల్ల లోపల ఉన్నది గదా?”

తాత మాట్లాడలేదు. మా అమ్మాయి నా మొహంకేసి చూసింది. తాత ఎందుకు ఆగిపోయారో దానికి తెలియదు. నాకు తెలుసు.

నా చిన్నతనంలో మా అమ్మమ్మగారి ఊళ్లో, చెప్పులు కుట్టి తెచ్చే మనిషి వాకిలి బయటనే నిలబడేవాడు. అతని చేతిని తాకకుండా పైనించి డబ్బులు వేసేవాళ్లు. అంతకుముందు రోజుల్లో మెట్టపొలాలకు నీళ్లు తోడే మోటబొక్కెనలు కుట్టినది కూడా ఆ కులంవాళ్లే. వాళ్లు కుట్టిన బొక్కెనతో ఊరంతా పంట పండించుకున్నది. కాని ఊరి మంచినీళ్ల బావిలో వాళ్లు చేద వేయకూడదన్నారు. ఈ అంటరానితనాన్ని 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం పదిహేడవ అధికరణంతో రద్దు చేసింది. దాన్ని పాటించడం నేరం. అయినా డెబ్బై రెండేళ్ల తరవాత కూడా తాత మా మెట్ల కింద ఆగిపోయారంటే తప్పు ఆయనది కాదు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా లోపలికి రమ్మనని మాది.

నేను ఏమి చెప్పాలా అని తడబడుతూ ఉండగానే మా అమ్మ లోపలినించి వచ్చింది. ఆమె పాతకాలపు మనిషి. ఏమంటుందోనని నాకు లోపల భయమే. మా అమ్మ తాతకేసి కాసేపు చూసి, తాను రోజూ కూర్చునే కుర్చీని బల్ల దగ్గరికి జరిపి, “రండి. ఆ బరువు పని నిలబడి చేస్తారా ఏమిటి? కాఫీ కలుపుతాను” అన్నది.

తాత లోపలికి వచ్చారు. కాఫీ తాగి, గ్లాసు పట్టుకుని కడగడానికి పెరటిదారి ఎటా అని చూస్తున్నారు. మా అమ్మాయి చటుక్కున ఆ గ్లాసు అందుకుని, మా గ్లాసులతోపాటే తొట్లో పడేసింది.

ఆ మధ్యాహ్నం తాత బర్రెతోలును తడిపి, లోపల తాడు పెట్టి మడిచి, గుండ్రటి పిడి చేశారు. నేనూ మా అమ్మాయీ దాన్ని కుట్టాము. ఆయన చివరి ముడి ఎలా దాచాలో చూపించారు. ఈసారి అయిదు కిలోల బియ్యం పోసినా పిడి వెంట్రుకవాసి సాగలేదు.

అప్పుడు మా అమ్మాయి ఒక కాగితం తెచ్చింది. దానిమీద ఫ్రెంచి కంపెనీ పేరు వాళ్ల అక్షరాలలోనే అందంగా రాసి ఉన్నది. “దీన్ని మూతమీద చెక్కుదాం. పెళ్లిలో అందరూ అసలుదే అనుకుంటారు!” అన్నది. నిజం చెప్పాలంటే నాకూ ఒక్క క్షణం ఆశ కలిగింది.

“అది ఎవరి పేరు?” అన్నారు తాత.

“పారిస్ కంపెనీవాళ్లది.”

“ఈ సంచి వాళ్లు కుట్టారా?”

“లేదు.”

“నెలరోజులు వేళ్లు పొడుచుకుని నువ్వు కుట్టిన సంచికి ఎవరిదో పేరెందుకు, పాపా?”

మా అమ్మాయి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నది. ఒక మంచి వస్తువును చూసి పని నేర్చుకోవడంలో తప్పు లేదు. అందరూ అలాగే నేర్చుకుంటారు. వాళ్ల పేరు పెట్టుకుంటే మటుకు అది అబద్ధం. చట్టప్రకారం నేరం కూడాను. ఆ ఎర్మేస్ సంచులలో సైతం కుట్టిన పనివాడు తన గుర్తు ఒకటి లోపల చిన్నదిగా వేస్తాడు. ఆ సంగతి నేను చెప్పగానే, “అయితే మన గుర్తులు వేద్దాం” అన్నది మా అమ్మాయి. మూత లోపలివైపున తాను ఒక నక్షత్రం గీసింది. నేను నా పేరు మొదటి అక్షరం గీశాను. ఆరెను తాత చేతికి ఇచ్చాము. “నేను కుట్టినదానిమీద ఎన్నడూ గుర్తు వేయలేదమ్మా” అని ఆయన చాలాసేపు ఆలోచించారు. చివరకు మూడు చుక్కలు పొడిచారు.

పెళ్లికి తాతా, ఆయన భార్యా వచ్చారు. మా బంధువులతోపాటే బంతిలో కూర్చుని భోజనం చేశారు. ఒకావిడ మా చెల్లెలి సంచి చూసి, “ఎన్ని లక్షలు?” అని అడిగింది. మా అమ్మాయి ముందుకు వచ్చి, “లక్షలు కాదండీ, వెయ్యి కుట్లు” అని చెప్పి, తాతను చూపించింది.

2024లో మా చెల్లెలు బస్సు దిగుతుంటే సంచి తలుపు రేకుకు తగులుకుని, అడుగున రెండు కుట్లు తెగిపోయాయి. ఊరికి వచ్చినప్పుడు తెచ్చి చూపించింది. రెండే తెగాయి. మిగిలిన తొమ్మిదివందల తొంభై ఎనిమిదీ చెక్కుచెదరలేదు. మా అమ్మాయి ఆ సంచిని వేపచెట్టు కిందికి తీసుకుపోయి, తాత పక్కన కూర్చుని, తానే దారానికి మైనం పట్టించి, రెండు సూదులూ ఎక్కించి కుట్టింది.

తాత ఆ కుట్టును వేలితో తడిమి చూసి, “బాగుంది” అన్నారు. ఈసారి నవ్వలేదు.